ఫామికామ్ డిస్క్ సిస్టమ్ కొనాలా, క్యాసెట్టులతోనే ఆగాలా?

అరవై_పిన్నులు

కొంతకాలంగా నింటెండో పాత ఆట యంత్రం ఫామికామ్‌కు జపాన్‌లో వచ్చిన క్యాసెట్టులు సేకరిస్తున్నాను. 'బ్యాటిల్ సిటీ', 'బైనరీ ల్యాండ్', 'నట్స్ అండ్ మిల్క్' వంటి ఆటలు అసలు ప్రతులుగానే నా దగ్గర ఉన్నాయి, వాటిని బీరువాలో దాచకుండా ఆడుతూనే ఉంటాను. ఇప్పుడు మనసు డిస్క్ సిస్టమ్ మీదికి పోతోంది. నింటెండో 1986 ఫిబ్రవరి 21న 15,000 యెన్‌ల ధరకు విడుదల చేసిన ఆ పెట్టెలో క్యాసెట్టుకు బదులు పసుపు రంగు అయస్కాంత డిస్కు వేస్తారు. జపాన్ దాటి బయటికి రాని ఆ పరికరానికి సుమారు రెండు వందల ఆటలు వచ్చాయి, అందులో చాలా వాటి పేర్లు కూడా మనవాళ్లు విని ఉండరు.

అయితే ఎవరిని అడిగినా వద్దనే అంటున్నారు. బెల్టు పోతుందని ఒకరు, డిస్కులు చెడిపోతాయని మరొకరు చెబుతున్నారు. వీటికి తోడు, 'నజో నో మురసమేజో' అని చీటీ అంటించిన డిస్కును నా మిత్రుడొకడు ఒక విక్రేత దగ్గర కొంటే, లోపల గోల్ఫ్ ఆట ఉంది. డబ్బు పెట్టి చీటీ కొనుక్కున్నట్టయింది. ఇలాంటి పరికరాన్ని నమ్మి ముందుకు వెళ్లవచ్చా? వాడుతున్నవారు చెబితే వింటాను.

నెల్లూరు_నింజా

వద్దు. మీరు పేర్కొన్న రెండు వందల ఆటల్లో మంచివి తరువాత క్యాసెట్టులుగానో, డౌన్‌లోడ్ రూపంలోనో మళ్లీ వచ్చాయి. 'మురసమేజో' 2014లో ఇంగ్లీషు దేశాల్లో నింటెండో చేతి యంత్రం 3డీఎస్‌కు కూడా అధికారికంగా అందింది. ఆట ఆడటం మీ లక్ష్యమైతే ఆ దారిలో వెళ్లండి, మిగిలిన డబ్బుతో ఇంకో పది క్యాసెట్టులు వస్తాయి.

బెల్టు_మేస్త్రి

నింజా గారి సలహా ఆట వరకు సరే. కాని బెల్టు పేరు చెప్పి భయపెట్టేవారిలో ఎక్కువమంది ఆ డ్రైవును ఎప్పుడూ విప్పి చూడనివారే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

డ్రైవు లోపల మోటారు నుంచి డిస్కు తిరిగే ఇరుసుకు ఒకే ఒక రబ్బరు బెల్టు ఉంటుంది. దాదాపు నలభై ఏళ్లు గడిచాయి కనుక ఆ రబ్బరు ఎండి తెగిపోతుంది, లేదా కరిగి నల్లటి జిగురుగా మారి చక్రాలకు అంటుకుంటుంది. రెండోదే ఎక్కువ చిరాకు. ఆ జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లలతో ఓపికగా తుడవాలి, చేతికి అంటితే ఒక పట్టాన వదలదు, డిస్కును చదివే హెడ్ మీద పడితే ఇక డిస్కులు చదవదు. కొత్త బెల్టులు ఇప్పటికీ తయారవుతున్నాయి, వాటి ధర మొత్తం ఖర్చులో లెక్కలోకి రాదు.

అసలు పని బెల్టు వేశాక మొదలవుతుంది. ఈ డిస్కు కంప్యూటర్ ఫ్లాపీ లాగా వలయాలు వలయాలుగా ఉండదు. గ్రామఫోను రికార్డు మీద గీత తిరిగినట్టు, ఒకే జాడ చివరి వరకు మెలికలు తిరుగుతూ పోతుంది. హెడ్ మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపున చదివి, వెనక్కి వచ్చి, మళ్లీ మొదలుపెడుతుంది. ఆ మొదలు ఎక్కడో డ్రైవుకు తెలియాలంటే ఇరుసు మీది బిళ్ల సరైన కోణంలో బిగించి ఉండాలి. బెల్టు మార్చేటప్పుడు ఆ బిళ్ల పక్కనున్న చిన్న మర వదులు చేస్తే, తిరిగి అదే చోట బిగించడం కష్టం. నా దగ్గరకు వచ్చే 'చెడిపోయిన' డ్రైవుల్లో చాలావరకు ఎవరో బెల్టు వేసి ఈ సర్దుబాటు చేయక వదిలేసినవే. కనుక కొనేటప్పుడు 'కొత్త బెల్టు వేశాము' అన్న మాట చూసి సంతృప్తి పడవద్దు. బెల్టు వేసిన తరువాత ఏ డిస్కు చదివిందో, రెండు వైపులా చదివిందో అడగండి.

గోదావరి_8బిట్

నింజా గారితో నేను ఏకీభవించను. తరువాత వచ్చిన క్యాసెట్టు రూపంలో అదే ఆట రాలేదు, కొంత తగ్గించిన ఆట వచ్చింది.

డిస్క్ సిస్టమ్ రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి డ్రైవు. రెండోది క్యాసెట్టు గాడిలో దిగే నల్లటి ర్యామ్ అడాప్టర్. ఈ అడాప్టర్‌లో ప్రోగ్రాముకు 32 కిలోబైట్లు, బొమ్మలకు 8 కిలోబైట్ల మెమరీతో పాటు ఒక అదనపు ధ్వని మార్గం కూడా ఉంది. ఫామికామ్‌కు స్వతహాగా ఉన్న ఐదు మార్గాలకు ఇది ఆరవది. తరంగం ఆకారాన్నే ఆట రాసినవారు గీసుకోవచ్చు కనుక గంట మోగినట్టు, వేణువు ఊదినట్టు మెత్తటి స్వరాలు పలుకుతాయి. 'జెల్డా నో దెన్సెత్సు' మొదటి తెర సంగీతం, 'మెట్రాయిడ్' సంగీతం డిస్కులో వినండి, తరువాత అమెరికా క్యాసెట్టులో వినండి. అమెరికాలో అమ్మిన ఫామికామ్ రూపం ఎన్‌ఈఎస్‌కు క్యాసెట్టు గాడిలో ధ్వనిని లోపలికి పంపే పిన్నులే లేవు కనుక ఆ ఆరవ గొంతు పూర్తిగా పోయింది. నాకు ఈ ఒక్క కారణం చాలు.

నెల్లూరు_నింజా

ఆ ధ్వనిని ఎమ్యులేటర్లు (పాత యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాములు) ఈ రోజుల్లో చక్కగా పలికిస్తున్నాయి కదా. దాని కోసం జిగురు తుడుచుకుంటూ కూర్చోవాలా?

గోదావరి_8బిట్

చక్కగానే పలికిస్తున్నాయి. కాని ఈయన ఇప్పటికే అసలు ఫామికామ్ మీద, అసలు క్యాసెట్టులతో ఆడేవారు. ఆయన అడిగింది తన యంత్రానికి దీనిని తగిలించుకోవచ్చా అని.

ఓసాకా_నుంచి

గోల్ఫ్ డిస్కు సంగతి చదివాక రాయాలనిపించింది. ఆ విక్రేత మోసం చేశాడని తొందరపడి అనుకోకండి. ఈ డిస్కు పుట్టిందే తిరగ రాయించుకోవడానికి.

కొత్త ఆట డిస్కు 2,600 యెన్‌లకు దొరికే రోజుల్లో, పాత డిస్కు తీసుకుని బొమ్మల దుకాణానికి వెళితే 500 యెన్‌లకే దానిలోని ఆటను చెరిపి కొత్త ఆట రాసి ఇచ్చేవారు. అందుకోసం దుకాణాల్లో 'డిస్క్ రైటర్' అనే నిలువెత్తు యంత్రం ఉండేది. క్యాసెట్టు ధర ఐదు వేలకు అటూ ఇటూ ఉన్నప్పుడు పిల్లలకు ఇది పెద్ద వరం. తరువాత దుకాణాల నుంచి యంత్రాలు పోయినా, నింటెండో 2003 సెప్టెంబరు వరకు ఈ సేవను కొనసాగించింది. పదిహేడేళ్ల పాటు దేశమంతటా పిల్లలు ఆటల మీద ఆటలు రాయించుకుంటూ పోయారు. కొందరు కొత్త చీటీ అంటించారు, కొందరు పాత చీటీనే ఉంచారు, కొందరు పెన్నుతో తమ పేరు రాసుకుని ఊరుకున్నారు.

ఇక్కడ నిప్పొంబషి డెన్‌డెన్ టౌన్‌లోని పాత ఆటల దుకాణాల్లో ఈ డిస్కులు పారదర్శకమైన సంచుల్లో వరుసగా వేలాడుతుంటాయి. చేతిలోకి తీసుకుంటే అరచేతిలో ఇమిడేంత పసుపు రంగు ప్లాస్టిక్ చతురస్రం. నెట్టుడు మూత లేదు కనుక గోధుమరంగు పొర కిటికీలోంచి నేరుగా కనబడుతుంది. అడుగున నింటెండో అక్షరాలు లోతుగా అచ్చొత్తి ఉంటాయి. అది అలంకారం కాదు, డ్రైవులోని ఎత్తు పలక ఆ అక్షరాల గుంటల్లో కూర్చుంటేనే డిస్కు లోపలికి దిగుతుంది. అప్పట్లో నకిలీ డిస్కులను ఆపడానికి పెట్టిన తాళం అది. సంచి మీద చీటీలోని పేరుతో పాటు, దుకాణం వారు నిజంగా డ్రైవులో వేసి చూసిన ఆట పేరు వేరే కాగితంపై రాసి ఉంటే ఆ దుకాణాన్ని నమ్మవచ్చు. 'జంక్' అని రాసి ఉంటే తిరిగి ఇచ్చే మాటే ఉండదు.

మైక్_టెస్టింగ్

ఒక మాట చేర్చుతాను. డిస్కు జెల్డాలో కుందేలు చెవులతో ఉండే 'పోల్స్ వాయిస్' అనే శత్రువు ఉంది. ఫామికామ్ రెండో కంట్రోలర్‌లో మైకు ఉంది కదా, దానిలో గట్టిగా అరిస్తే ఆ శత్రువులన్నీ చచ్చిపోతాయి. అమెరికా యంత్రానికి మైకే లేదు, కాని వారి సూచనల పుస్తకంలో మాత్రం వాటికి పెద్ద శబ్దం గిట్టదన్న మాట అలాగే ఉండిపోయింది. మా ఇంట్లో అర్ధరాత్రి ఈ శత్రువులున్న గది వచ్చినప్పుడు మాత్రం బాణమే వాడతాను, పక్కింటివారితో సఖ్యత కూడా ముఖ్యం.

సర్క్యూట్_శాస్త్రి

మైకు మాట వచ్చింది కనుక చెప్పాలి. 1993 చివర్లో వచ్చిన 'ఏవీ ఫామికామ్'లో ఈ మైకు తీసేశారు. మన టీవీలకు నేరుగా కలుస్తుందని చాలామంది దానిని కొంటారు, అది మంచి నిర్ణయమే, కాని మైకు ఆటలు పోతాయని తెలిసి కొనాలి.

పాత ఎరుపు తెలుపు ఫామికామ్ చిత్రాన్ని యాంటెనా మార్గంలో, జపాన్ ఒకటో లేదా రెండో ఛానెల్‌లో పంపుతుంది. ఆ ఛానెళ్లు 90 నుంచి 102 మెగాహెర్ట్‌జ్ మధ్య ఉంటాయి. అది మన దగ్గర ఎఫ్ఎం రేడియో ఉండే చోటు, కనుక ఇక్కడి చాలా టీవీల్లో వెతికినా దొరకదు. యంత్రం చెడిపోయిందని అనుకుని వదిలేసినవారిని చూశాను.

విద్యుత్తు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. జపాన్ అడాప్టర్లు 100 వోల్టులకు చేసినవి, మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే అక్కడికక్కడే కాలిపోతాయి. మంచి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి. ఫామికామ్ అడాప్టర్ ఇచ్చేది 10 వోల్టుల డీసీ, పైగా మధ్య మొన రుణాత్మకం. అమెరికా ఎన్‌ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. మొన సరిపోయిందని దానిని ఫామికామ్‌కు గుచ్చకూడదు. డిస్క్ డ్రైవుకు విడిగా విద్యుత్తు కావాలి. దానికి అడాప్టర్ లేకున్నా ఫరవాలేదు, ఆరు సి సైజు బ్యాటరీలతో నడుస్తుంది, ఆ సైజు మన టార్చిలైటు బ్యాటరీల దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతుంది.

ఇన్ని తీగలు వద్దనుకుంటే షార్ప్ సంస్థ 1986 జులైలో తెచ్చిన 'ట్విన్ ఫామికామ్' చూడండి. ఫామికామ్, డిస్క్ డ్రైవు ఒకే పెట్టెలో ఉంటాయి, చిత్రం, ధ్వని వేర్వేరు తీగల్లో నేరుగా బయటికి వస్తాయి, రెండో కంట్రోలర్‌లో మైకూ ఉంటుంది.

పాత_క్యాసెట్టు

శాస్త్రి గారూ, నకలు యంత్రాలకు ఈ ర్యామ్ అడాప్టర్ పనిచేస్తుందా? నా దగ్గర చిన్నప్పటిది ఒకటి ఇంకా నడుస్తోంది. మన ఊళ్లలో 'ట్యాంకుల ఆట' అని అందరం ఆడిన 'బ్యాటిల్ సిటీ'ని నామ్‌కో 1985లో విడుదల చేసింది జపాన్‌లోనే అని ఇటీవలే తెలిసి ఆశ్చర్యపోయాను. '9999 ఇన్ 1' అని రాసి ఉన్న క్యాసెట్టుల పుణ్యమా అని, అమెరికా పిల్లలు చూడని జపాన్ ఆటలు మనం ఆడుకున్నాం.

సర్క్యూట్_శాస్త్రి

గాడి 60 పిన్నులదే కనుక లోపలికి దిగుతుంది, కాని కొన్ని నకలు యంత్రాలు డిస్కు ఆటలను సరిగ్గా నడపలేవు. నడిచినా, ధ్వని పిన్నులను కలపని యంత్రమైతే గోదావరి గారు చెప్పిన ఆరవ మార్గం వినబడదు. డిస్క్ సిస్టమ్ కోసం నకలు యంత్రాన్ని నమ్ముకోవద్దు.

అరవై_పిన్నులు

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు నా సందేహం మరోటి. డిస్కులోనే ఆడాల్సిన ఆటలు, వేరే చోట ఆడితే రుచి పోయే ఆటలు ఏవి? పెద్ద పేర్లు కాకుండా చెప్పండి. నాకు జపనీస్ అక్షరాలు కూడబలుక్కుని చదవడం మాత్రమే వచ్చు.

కనకమహాలక్ష్మి_87

నా మొదటి సలహా 'ఒటోకీ'. కళాకారుడు తోషియో ఇవాయి రూపొందించగా ఆస్కీ సంస్థ 1987లో విడుదల చేసింది. చూడటానికి పక్కకు ఎగురుతూ బంతి విసిరే షూటింగ్ ఆట. కాని మీరు విసిరిన ప్రతిసారీ, విసిరిన దిక్కును బట్టి ఒక్కో స్వరం పలుకుతుంది, అది వెనుక నడిచే తాళానికి సరిగ్గా కలుస్తుంది. శత్రువును కొట్టే పనిలో ఉండగానే మీ చేతులు ఒక పాటను అల్లుతుంటాయి. కొంతసేపటికి శత్రువు ఉన్న చోటికి కాకుండా, పాటకు ఏ స్వరం కావాలో ఆ దిక్కుకు విసరడం మొదలుపెడతారు. అక్కడే ఆట మరో మెట్టు ఎక్కుతుంది. ఇదే ఇవాయి తరువాత 2005లో డీఎస్‌కు 'ఎలెక్ట్రోప్లాంక్టన్' చేశారు. 'ఒటోకీ'లో చదవాల్సిన అక్షరాలు కూడా దాదాపు లేవు.

రెండోది 'యుమే కోజో: డోకి డోకి ప్యానిక్'. ఫుజీ టెలివిజన్ 1987లో నిర్వహించిన 'యుమే కోజో' ఉత్సవం కోసం చేసిన ఆట. దీనిలోని కుటుంబాన్ని తీసేసి మారియో బృందాన్ని పెట్టి అమెరికాలో 'సూపర్ మారియో బ్రోస్ 2'గా అమ్మారు. నింజా గారు 'మారియో రూపంలో ఆడవచ్చు కదా' అంటారేమో, ముందే చెబుతున్నాను: డిస్కులో అసలు ముగింపు చూడాలంటే నలుగురు పాత్రలతోనూ వేర్వేరుగా ఆట పూర్తి చేయాలి. ఎవరు ఎంత దూరం వెళ్లారో డిస్కే గుర్తుపెట్టుకుంటుంది. అమెరికా క్యాసెట్టులో ఆ ఏర్పాటు తీసేశారు, ఆట స్వభావమే మారిపోయింది.

మూడోది 'షిన్ ఒనిగషిమ'. 1987లో రెండు డిస్కులుగా, ముందు భాగం, వెనుక భాగం అని వచ్చింది. మొమొతారో, కగుయ వంటి జపాన్ జానపద కథలను కలిపి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి కథగా నడిపారు. చదవడమే ఆట కనుక మీరు కాస్త కష్టపడాలి. ఆ రోజుల్లో చాలా ఆటల్లో కంజీ (చైనా నుంచి వచ్చిన భావలిపి) లేదు, పలుకును బట్టి రాసే కన అక్షరాలే ఉంటాయి. వాక్యం చివర క్రియ రావడం, పేరు వెనుక విభక్తి అంటుకోవడం తెలుగువారికి పరాయిగా అనిపించదు. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు కొంత చదివితే సాగుతుంది.

నెల్లూరు_నింజా

'డోకి డోకి ప్యానిక్' విషయంలో మీ మాట ఒప్పుకుంటాను, ఆ ముగింపు నియమం నాకు తెలియదు. 'షిన్ ఒనిగషిమ' మాత్రం ఆయనకు ఇప్పుడే చెప్పడం తొందర అనిపిస్తోంది. కూడబలుక్కుని చదివేవారు అంత పాఠం చదవలేక విసిగిపోతారు.

గోదావరి_8బిట్

గోల్ఫ్ ఆటను చిన్నచూపు చూడకండి. 'గోల్ఫ్: జపాన్ కోర్స్' 1987లో నీలి రంగు డిస్కు మీద వచ్చింది. దానికి నెట్టుడు మూత ఉంటుంది. దేశవ్యాప్త పోటీ కోసం, ఆడిన స్కోరు డిస్కులోనే నిల్వ అయ్యేది. ఆ డిస్కును దుకాణంలోని 'డిస్క్ ఫ్యాక్స్' యంత్రంలో పెడితే స్కోరు నింటెండోకు చేరేది. ఇంటర్నెట్ లేని 1987లో ఈ ఏర్పాటు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అరవై పిన్నుల మిత్రుడి డిస్కు పసుపు రంగుదా, నీలి రంగుదా?

అరవై_పిన్నులు

పసుపు రంగుదే, మొదట్లో వచ్చిన మామూలు 'గోల్ఫ్' అది. 'మురసమేజో' చీటీ మీదే ఉంది కనుక దానిని చెరిపి లోపల 'మురసమేజో' రాయించుకుందామని అతను అంటున్నాడు. కంప్యూటర్ నుంచి డిస్కుకు రాసే పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయట. చీటీకి, లోపలి ఆటకు పొత్తు కుదురుతుందని అతని ఆశ.

తాళపత్రం

దయచేసి అతన్ని ఆపండి. కనీసం ముందు ఆ డిస్కులో ఉన్నదంతా చదివి ఒక ప్రతి తీసుకునేదాకా ఆగమనండి.

గ్రంథాలయంలో పాత పత్రాల మధ్య పనిచేసే మనిషిగా చెబుతున్నాను. మామూలు క్యాసెట్టు లోపలి చిప్పు మారదు, లక్ష ప్రతులు ఉంటే లక్షలోనూ అదే ఉంటుంది. డిస్కు అలా కాదు, ప్రతిదీ వేరు. ఆట కింద పాత యజమాని ఎంతవరకు ఆడాడో నిల్వ ఉంటుంది. జెల్డా డిస్కు తెరిస్తే మూడు గళ్లలో ఎవరో పిల్లలు రాసుకున్న పేర్లు, వారి గుండె గుర్తులు, ఎన్నిసార్లు చనిపోయారో ఆ లెక్క కనబడతాయి. కొన్నిసార్లు చిన్న ఆట రాసినప్పుడు, అంతకు ముందున్న పెద్ద ఆట తాలూకు చివరి భాగం చెరగకుండా మిగిలి ఉంటుంది. ఒక ఆటకు తొలి ప్రతి, సవరించిన ప్రతి వేర్వేరుగా ఉన్న సందర్భాల్లో, దుకాణంలో ఏ రోజు ఏది రాశారో తేల్చే ఆధారం ఆ డిస్కే. టోక్యోలోని గేమ్ ప్రిజర్వేషన్ సొసైటీ వంటి సంస్థలు పాత డిస్కుల మీది అయస్కాంత సంకేతాన్ని ఉన్నదున్నట్టుగా పట్టి భద్రపరిచే పని చేస్తున్నాయి. అయస్కాంత పొర ఎప్పటికీ నిలిచేది కాదు కనుక తొందర అవసరం.

బెల్టు_మేస్త్రి

తాళపత్రం గారి ఆవేదన అర్థమవుతోంది. అయినా ఒక విషయంలో విభేదిస్తాను. ప్రతి తీసుకున్న తరువాత తిరగ రాయడంలో తప్పు లేదు. ఓసాకా గారు చెప్పినట్టు ఈ డిస్కు బతుకే అది. రాయకుండా అద్దాల పెట్టెలో పెడితే, ఎవరూ ఆడని డిస్కు మిగులుతుంది.

సాంకేతికంగా ఒక చిక్కు ఉంది. తరువాతి రోజుల్లో వచ్చిన డ్రైవుల్లో, ఇంట్లో కూర్చుని డిస్కు మొత్తాన్ని నకలు తీయకుండా అడ్డుకునే మార్పు చేశారు. అవి ఆటలో ప్రగతిని నిల్వ చేస్తాయి కాని, మొత్తం డిస్కును తిరగ రాయడానికి ఒప్పుకోవు. మీ మిత్రుడి డ్రైవు ఏదో చూడకుండా మొదలుపెడితే, సగం గోల్ఫ్, సగం ఏమీ కాని డిస్కు చేతికి వస్తుంది.

ఓసాకా_నుంచి

తిరగ రాసినా సరే, ఆ డిస్కును తరువాత అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పాలి. చీటీ, లోపలి ఆట సరిపోయాయి కనుక ఇది దుకాణం నుంచి వచ్చిన తొలి ప్రతే అని కొనేవారు అనుకుంటారు. అడుగున చిన్న కాగితం అంటించి తేదీ రాసి పెట్టడం ఎవరికీ భారం కాదు. ఇక్కడ సేకరించేవారిలో కొందరు ఈ పద్ధతి పాటిస్తారు, అందరూ పాటిస్తే బాగుంటుంది.

తాళపత్రం

ఆ షరతుతో నాకు అభ్యంతరం లేదు. నా పట్టు అంతా క్రమం గురించే: ముందు చదవాలి, తరువాత రాయాలి.

నెల్లూరు_నింజా

నా అభిప్రాయంలో కొంత మార్పు వచ్చింది కాని, పూర్తిగా కాదు. డ్రైవు లేకుండా ర్యామ్ అడాప్టర్ ఒక్కటే కొని, డ్రైవుకు పోయే తీగకు మెమరీ కార్డు పరికరం తగిలిస్తే సరిపోదా? ధ్వని చిప్పు అడాప్టర్‌లోనే ఉందన్నారు కదా, అంటే ఆరవ గొంతు అసలుదే. బెల్టు, హెడ్, బూజు ఏ బాధా లేదు. మాది సముద్రం గాలి తగిలే ఊరు, అయస్కాంత పొర మీద బూజు ఎంత తేలికగా పడుతుందో పాత వీడియో క్యాసెట్లలో చూశాను.

బెల్టు_మేస్త్రి

సరిపోతుంది. అసలు ఫామికామ్, అసలు ర్యామ్ అడాప్టర్ ఉంటే అది నిజమైన డిస్క్ సిస్టమ్ ఆటే అని నేను ఒప్పుకుంటాను. పోయేది ఒకటే, డిస్కు వేసినప్పుడు డ్రైవు చేసే ఆ గరగర శబ్దం, 'బి వైపు పెట్టండి' అన్నప్పుడు లేచి తిప్పే పని. కొందరికి అదే ఆటలో భాగం. డిస్కులు కూడా ఉంచుకుంటే మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, స్పీకర్ల దగ్గర పెట్టకండి. బూజు పట్టిన డిస్కును శుభ్రం చేయకుండా డ్రైవులో వేస్తే ఆ బూజు హెడ్‌కు అంటి, తరువాత వేసే మంచి డిస్కులను కూడా గీకుతుంది.

మైక్_టెస్టింగ్

లేచి తిప్పే పనిని నేను వదులుకోను. డిస్కు లేకుండా యంత్రం వెలిగిస్తే మారియో, లుయీజీ వచ్చి దీపం వేస్తూ ఆర్పుతూ ఒకరినొకరు తరుముకుంటారు, మా పిల్లలు ఆట కన్నా ముందు అదే చూస్తామంటారు.

నెల్లూరు_నింజా

అది ర్యామ్ అడాప్టర్‌లోనే ఉంటుంది, డ్రైవు లేకున్నా వస్తుంది. పిల్లలకు లోటు ఉండదు.

అరవై_పిన్నులు

నిర్ణయానికి వచ్చాను. ట్విన్ ఫామికామ్ కొంటాను, మొదట 'ఒటోకీ' వెతుకుతాను. మిత్రుడు గోల్ఫ్ డిస్కు ప్రతి తీసేదాకా ఆగుతానన్నాడు, అతని డ్రైవు ఏ రకమో మేస్త్రి గారికి ఫోటో పంపుతాడు. చివరిగా ఒక సందేహం: ట్విన్‌లోనూ ఇదే బెల్టా, వేరేదా? దాని అడాప్టర్ సంగతి ఏమిటి?

బెల్టు_మేస్త్రి

డ్రైవు యంత్రాంగం అదే తరహాది, ఫామికామ్ డిస్క్ డ్రైవుకు అమ్మే బెల్టులే దీనికీ సరిపోతాయి. కాకపోతే పెట్టె పెద్దది, విప్పాల్సిన మరలు ఎక్కువ, ఏ మర ఎక్కడిదో విప్పేటప్పుడే కాగితం మీద గీసుకోండి. అడాప్టర్ మాత్రం షార్ప్ వారిదే కావాలి, ఫామికామ్ అడాప్టర్ దానికి గుచ్చవద్దు. అమ్మేవారి దగ్గర అడాప్టర్ లేకపోతే, అది దొరికేదాకా యంత్రాన్ని వెలిగించకండి.